తాతల నాటి ఫోటోలు, మన ఒళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 1962 నాటి పెళ్ళి ఫోటో ఒకటి ఉంది. మా మేనత్త పెళ్ళిది. కింద చాప మీద కూర్చున్నవాళ్ళు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, వెనక నిలబడ్డవాళ్ళు కలిపి పందొమ్మిది మంది. ఒక్కరికి కూడా పొట్ట లేదు. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పుడల్లా అవే మాటలు వస్తాయి. "ఎంత సన్నగా ఉన్నారో", "అప్పటి తిండే వేరు", "మనం చూడు, ఎలా తయారయ్యామో". వీటిలో కొంత నిజం ఉంది. ఫోటోలో కనిపించని నిజం ఇంకా ఎక్కువ ఉంది. పిల్లలు, చెల్లెళ్ళు, ఆఫీసు స్నేహితులు ఇన్నేళ్ళుగా నన్ను అడిగిన ప్రశ్నలకు నేను చదివి తెలుసుకున్న జవాబులు ఇవి.

పాత ఫోటోల్లో అందరూ అంత సన్నగా ఎందుకు ఉన్నారు?

చాలామందికి కడుపు నిండా తిండి లేదు కాబట్టి. ముందు ఈ మాట చెప్పుకుని తర్వాత మిగతావి మాట్లాడుకోవాలి.

మన పెద్దవాళ్ళు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టి గుర్తుంచుకున్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసింది నందన కరువు. 1876లో మొదలై రాయలసీమను, దక్షిణాదిలో చాలా భాగాన్ని పట్టి పీడించింది ధాత కరువు. ఆ రెండోదానిలో పనికి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా లేని గింజలు చాలని ఒక దశలో దొరలు లెక్కగట్టారు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది. కరువు లేని ఏడాదిలో కూడా పాత పంట అయిపోయి కొత్త పంట రాని నెలలు కూలి ఇళ్ళలో గంజితో, అంబలితో గడిచేవి.

దానికి తోడు ఒంటి కష్టం. నీళ్ళు మోయాలి, వడ్లు దంచాలి, కట్టెలు తేవాలి, నడవాలి. తిన్నది తక్కువ, ఖర్చయింది ఎక్కువ. ఇక కొవ్వు ఎక్కడ చేరుతుంది?

అయితే వాళ్ళు మనకంటే ఆరోగ్యంగా ఉన్నట్టా, కాదా?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 దగ్గర ఉంది. ఆ 32 అనే అంకె చూసి అందరూ ముప్పై రెండేళ్ళకే పోయేవారనుకోకండి. పసివాళ్ళు, బాలింతలు ఎక్కువగా చనిపోవడం వల్ల సగటు అంత కిందికి పడింది. "మా తాత తొంభై ఏళ్ళు బతికాడు, ఒక్క మాత్ర వేసుకోలేదు" అని మనం చెప్పుకునేది బతికి బయటపడ్డ తాత గురించి. అదే ఇంట్లో ఆయన పోగొట్టుకున్న తోబుట్టువులు ఫోటో దాకా రాలేదు. మా నాయనమ్మ తొమ్మిది మందిని కంటే ఐదుగురు మిగిలారు. పెళ్ళి ఫోటోలో ఆ ఐదుగురే ఉన్నారని మేం అనుకునేవాళ్ళం.

బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు మాత్రం వాళ్ళలో మనకంటే తక్కువే. అది కాదనను.

జొన్నలు, రాగులు తిన్నారు కాబట్టే అంత గట్టిగా ఉన్నారంటారు. నిజమేనా?

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది సగం కథ చెప్పి ఆపేస్తారు.

జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్ర అన్నం మంచి తిండే. పీచు ఉంటుంది, రాగిలో కాల్షియం ఉంటుంది, తిన్నాక చాలాసేపు ఆకలి వేయదు. నేనూ వారానికి నాలుగు రోజులు జొన్న రొట్టే తింటాను. అయితే పూర్వం తెలంగాణ పల్లెల్లో పేదవాళ్ళు మిగతా తిండితో పాటు జొన్న తినలేదు, జొన్న "మాత్రమే" తిన్నారు. పప్పు, పాలు, గుడ్డు ఏవీ చాలినంత లేవు. అలాంటివాళ్ళలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొట్టు రేగేది. విరేచనాలు పట్టుకునేవి, మనసు చెదిరేది. నియాసిన్ అనే విటమిన్ అందకపోవడం దీనికి మూలం. జొన్నలో ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఈ లోపాన్ని పెంచుతుందని హైదరాబాదులో పరిశోధన చేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో చెప్పారు. వాళ్ళు పనిచేసిన సంస్థే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది.

తర్వాతి రోజుల్లో తిండిలో రకాలు పెరిగేకొద్దీ ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పండగ పూటే వరి అన్నం తిన్న ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. దాన్ని ఇవాళ షుగర్‌కు మొదటి మెట్టుగా చూపించేవాళ్ళున్నారు. ఆ బియ్యం ఎంతమంది పిల్లల్ని ఆకలితో పడుకోకుండా కాపాడిందో చూసినవాళ్ళు అలా మాట్లాడలేరు.

కాబట్టి జొన్న రొట్టె తినండి. పక్కన గిన్నెడు పప్పు, ఆకుకూర, పెరుగో గుడ్డో పెట్టుకోండి.

బరువు సంగతి సరే, ముఖాల్లో ఏం మారింది?

చాలా మారింది. అయితే లేకుండా పోయినవాటిని మనం గమనించం.

మా ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ పెదతాత ముఖం నిండా గుంటలు. స్ఫోటకం మచ్చలు. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళో అలాంటి ముఖాలు ఉండేవి. చూపు పోయినవాళ్ళూ ఉండేవారు. పోలేరమ్మకు మొక్కుకోవడం వెనక ఆ భయం ఉంది. మన దేశంలో స్ఫోటకం 1975తో ఆగింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ తర్వాత పుట్టినవాళ్ళలో ఒక్క ముఖం మీద కూడా ఆ గుంటలు లేవు. మనుషుల రూపురేఖల్లో ఇంత పెద్ద మార్పు ఇంకొకటి ఉందా అని నాకు అనిపిస్తుంది.

పోలియో కూడా అంతే. నా క్లాసులో కాలు చచ్చుబడ్డ పిల్లలు ఇద్దరు ఉండేవారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. మా అబ్బాయి తన స్కూల్లో అలాంటి పిల్లల్ని చూడనే లేదు.

రేచీకటి తగ్గింది. 1970 నుంచి పిల్లలకు విటమిన్ ఎ చుక్కలు వేస్తున్నారు. నల్గొండ జిల్లాలో, ప్రకాశం జిల్లాలో బావి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు పసుపు, గోధుమ రంగు చారలు కట్టేవి, వయసుతో పాటు వెన్నెముక, కాళ్ళు వంగిపోయేవి. మన దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఇప్పటికీ ఆ వంగిన నడుములతో ఉన్న పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మనవళ్ళు ఫ్లోరైడ్ లేని నీళ్ళు తాగితే నిటారుగా పెరుగుతారు. అంటే ఆ వంకర వంశంలోది కాదు, నీళ్ళలోది.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది, ఇంకా కొంత ఉంది. అడ్డపొగ అంటారు. అంగిలి కాలి, తెల్లబడి, కొందరికి క్యాన్సర్‌గా మారేది.

ముప్పై ఐదేళ్ళకే వాళ్ళు యాభై ఏళ్ళవాళ్ళలా ఎందుకు కనిపిస్తారు?

ఎండ, కట్టెల పొయ్యి పొగ, పళ్ళు ఊడిపోవడం, వరస కాన్పులు. 1950లలో మన దేశంలో సగటున ఒక స్త్రీకి ఆరుగురు పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండు పళ్ళు పోతే బుగ్గలు లోపలికి పోతాయి, ముఖానికి పదేళ్ళు కలుస్తాయి. అప్పట్లో పన్ను నొప్పికి మందు పీకించుకోవడమే.

ఇంకొకటి మన కళ్ళలో ఉంది. పంచె, తలపాగా, గుండ్రటి కళ్ళద్దాలు, ముడి వేసిన జుట్టు మనకు ముసలితనం గుర్తులు. వాళ్ళకు అవి మామూలు బట్టలు.

మనం తాతలకంటే పొడుగయ్యామా?

అయ్యాం, కానీ అనుకున్నంత కాదు. 2016లో ప్రపంచ దేశాల ఎత్తుల మీద పెద్ద అధ్యయనం వచ్చింది. 1896లో పుట్టినవాళ్ళనూ 1996లో పుట్టినవాళ్ళనూ పోలిస్తే దక్షిణ కొరియా ఆడవాళ్ళు 20 సెంటీమీటర్లు పెరిగారు. మన దగ్గర పెరిగింది కొద్ది సెంటీమీటర్లే. 1996లో పుట్టిన భారతీయుల సగటు ఎత్తు మగవాళ్ళకు సుమారు 165 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు సుమారు 153.

"మాది పొట్టి వంశం" అనుకుని ఊరుకోకండి. వంశం ఎంతవరకు పెరగవచ్చో గీత గీస్తుంది. ఆ గీత దాకా చేరనిచ్చేది తల్లి తిండి, మొదటి రెండేళ్ళ తిండి, మంచి నీళ్ళు, విరేచనాలు లేని బాల్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరు.

దీనికి రుజువు మన దగ్గరే ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గర 29 పల్లెల్లో ఒక ప్రయత్నం జరిగింది. 15 ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనంగా తిండి పెట్టారు. మిగతా 14 ఊళ్ళకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు మళ్ళీ వెళ్ళి కొలిచారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అంతేకాదు, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అమ్మ కడుపులో ఉన్నప్పుడు, నడక నేర్చే వయసులో దొరికిన ఆ తిండి పదిహేనేళ్ళ తర్వాత రక్తపరీక్షలో కనిపించింది. అంగన్‌వాడీ తిండిని చిన్నచూపు చూసేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే.

బరువు పెరగడం ఎప్పుడు మొదలైంది?

మా ఆల్బమ్ చూస్తే 1990ల నుంచి. దేశం లెక్కలూ అదే దారిలో ఉన్నాయి. 2005-06 సర్వేలో అధిక బరువు ఉన్న ఆడవాళ్ళు 12.6 శాతం. 2019-21కి 24 శాతం. అదే కాలంలో మరీ బక్కగా ఉన్న ఆడవాళ్ళు 35.5 నుంచి 18.7 శాతానికి తగ్గారు. రెండో అంకె చూసి సంతోషించాలి, మొదటిది చూసి జాగ్రత్తపడాలి.

మన రెండు రాష్ట్రాలు దేశం సగటు కంటే ముందున్నాయి. అధిక బరువు ఉన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. మగవాళ్ళు 31.1, 32.3 శాతం.

నన్ను బాగా బాధపెట్టే లెక్క ఇంకొకటి. అదే సర్వేలో రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ అంకెలు రెండూ కలిపి చూడండి. ఒకే మనిషి లావుగానూ ఉండవచ్చు, ఒంట్లో రక్తమూ చాలకపోవచ్చు. అన్నం కడుపు నింపుతోంది, పోషణ ఇవ్వడం లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తే "ఒళ్ళు చేసింది కదా, అందుకే" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. హిమోగ్లోబిన్ పరీక్ష ఎవరూ చేయించరు.

మా అమ్మ తిన్నంత అన్నం కూడా నేను తినను. మరి నేనెందుకు లావయ్యాను?

మీ అమ్మ ఆ అన్నం తిని ఏం చేసిందో గుర్తు చేసుకోండి. రుబ్బురోట్లో పిండి రుబ్బింది, బావిలో నీళ్ళు తోడింది, బట్టలు బండకేసి ఉతికింది. ఇవన్నీ మళ్ళీ చేయమని నేను ఎవరికీ చెప్పను. ఆ చాకిరీ ఆడవాళ్ళ నడుములు విరగ్గొట్టింది. మిక్సీ, కుళాయి, గ్యాస్ వాళ్ళకు దక్కాల్సిన సుఖమే. కాకపోతే ఒంటికి పని తగ్గినంతగా పళ్ళెం మారలేదు.

మారినవి కొన్ని కంటికి ఆనవు. నూనె ఒకప్పుడు గానుగ నుంచి చిన్న సీసాలో వచ్చేది, గరిటతో కొలిచి పోసేవారు. ఇప్పుడు ప్యాకెట్లు, క్యాన్లు వస్తున్నాయి, చెయ్యి ధారాళమైంది. టీలో చక్కెర రోజుకు నాలుగుసార్లు. సాయంత్రం బజ్జీ, పునుగు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, సన్నబియ్యాన్ని ఇంటింటికీ తెచ్చింది. రుచికి దానికి సాటి లేదు. తెల్లగా పట్టించిన సన్నబియ్యంలో తవుడు పోతుంది, త్వరగా అరుగుతుంది, త్వరగా ఆకలి వేస్తుంది. దేశం మొత్తం మీద మనం తినే కేలరీల్లో ఇంచుమించు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో తేలింది. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనాకు షుగర్‌వాళ్ళ బియ్యమని పేరు. మంచిదే, కానీ దాన్ని కూడా పళ్ళెం నిండా పెట్టుకుంటే లాభం లేదు.

నిద్ర సంగతి వేరే చెప్పాలా? నైట్ షిఫ్టులు, ఫోన్లు, టెన్షన్. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది.

నేను సన్నగానే ఉన్నాను. అయినా షుగర్ వచ్చింది. ఎలా?

దీనికి జవాబు కూడా ఒక ఫోటోనే. పుణెకు చెందిన డాక్టర్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో 2004లో వైద్య పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. కండ తక్కువ.

యాజ్నిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పసికందుల్నీ కొలిచింది. సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లల్లో తగ్గింది కండ, అవయవాలు. కొవ్వు అంతగా తగ్గలేదు. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డ ఒళ్ళు దొరికినదాన్ని దాచుకోవడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక తిండి పుష్కలంగా దొరికితే ఆ దాచుకునే అలవాటే చేటు చేస్తుంది. తరతరాల ఆకలి ఇలా మన పొట్టలో కొవ్వై కూర్చుంటుంది. ఫోటోలో బక్కగా ఉన్న నాయనమ్మకూ, షుగర్ మాత్ర వేసుకునే మనవడికీ ఉన్న బంధం ఇదే. అందుకే "నీకు అదుపు లేదు" అని ఒక్క మనిషిని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి బీఎంఐని నమ్మవచ్చా?

ఎత్తు, బరువు కలిపి కట్టిన ఆ లెక్క 1830లలో బెల్జియంకు చెందిన క్వెట్‌లే అనే గణిత శాస్త్రవేత్తది. జనాల సగటు చూడడానికి కట్టాడు, ఒక మనిషి ఆరోగ్యం తేల్చడానికి కాదు. ప్రపంచమంతా 25 దాటితే అధిక బరువు అంటారు. మనవాళ్ళకు 23 నుంచే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. ఇంట్లో దానికన్నా సులువైన కొలత టైలర్ టేపు. నడుము చుట్టు మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి.

పిల్లలు బొద్దుగా ఉంటే ఆరోగ్యమే కదా?

ఈ నమ్మకం ఎక్కడిదో మన మాటల్లోనే ఉంది. "చిక్కిపోయావు" అంటే దిగులు. "ఒళ్ళు చేశావు" అంటే ఒకప్పుడు మెచ్చుకోలు. "కలిగినింటి బిడ్డలా ఉన్నాడు" అనేవారు. పిల్లలు కళ్ళ ముందే చిక్కి పోతుంటే చూసిన తల్లులు బొద్దుతనాన్ని అలాగే చూస్తారు. అమ్మమ్మ ఇంకో ముద్ద కుక్కుతుంటే కసురుకోకండి. ఆమె పెట్టే ముద్దలో పప్పు, గుడ్డు ఎక్కువ, అన్నం, నెయ్యి తక్కువ ఉండేలా చూడండి. అంగన్‌వాడీలో ఎత్తు, బరువు కార్డు ఉంటుంది. ఆ గీత చూస్తే చాలు, బుగ్గలు చూడక్కర్లేదు.

చుట్టాలు పెళ్ళిలో "బాగా లావయ్యావే" అంటే ఏం చెప్పాలి?

నేను "అవును పిన్నీ, నువ్వు బాగున్నావా?" అని మాట మారుస్తాను. మా చెల్లెలు కాన్పు తర్వాత ఏడాది పాటు ఏ ఫంక్షన్‌కీ రాలేదు, ఈ మాటకు భయపడి. ఆ ఏడాది ఇంట్లో తీసిన ఫోటోల్లో ఆమె లేదు. పిన్ని మనసులో చెడు లేదు, తెలుసు. అయినా ఆ మాట మానేయాలి.

పాత ఫోటోల వెనక ఏం రాసిపెట్టుకోవాలి?

పేరు, ఊరు, పుట్టిన ఏడాది ఎలాగూ రాస్తారు. ఎవరికి షుగర్ వచ్చింది, ఏ వయసులో, గుండె జబ్బు ఎవరికి, ఎవరు ఎలా పోయారు, కాన్పులు ఎన్ని, మిగిలింది ఎందరు, ఇవీ రాయండి. పుట్టినప్పటి బరువు తెలిస్తే అది తప్పకుండా. డాక్టరు మొదట అడిగేవి ఇవే. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. కిందటి సంక్రాంతికి మేనత్తను కూర్చోబెట్టి ఆ 1962 ఫోటోలో ఒక్కొక్కరి గురించీ అడిగి రాసుకున్నాను. మొదటి వరసలో చివర కూర్చున్న పాప దగ్గరకు వచ్చేసరికి ఆమె కాసేపు ఆగింది. "అది మా చిట్టి చెల్లెలు. ఆ మరుసటి ఏడాది విరేచనాలతో పోయింది" అంది. ఆ పాప సంగతి మా ఇంట్లో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు ఫోటో వెనక రాసి ఉంది.